అమెరికా సంబంధానికి వకీలు కావాలా? బోడి నుంచి ఒక పరిశీలన

బోడినాయకనూరులో ఇదివరకు పెళ్ళి మాటలంటే ఇంటిపేర్లు వేరేనా, తోట కొండమీద ఏ పక్క, అందులో కాఫీ ఎంత ఏలక్కాయ ఎంత అనే దగ్గర మొదలయ్యేవి. మధుర నాయకుల 72 పాళయాల్లో ఒకటైన ఈ ఊరి తెలుగు ఇళ్ళ సంబంధాలు కంబం, ఉత్తమపాళయం, సాత్తూరు, కోవిల్‌పట్టి, మరీ దూరమైతే కోయంబత్తూరు దాకా పోయేవి. ఇప్పుడు అబ్బాయి డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటున్నాడు. తాంబూలాలు మార్చుకున్న మరునాడే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "వకీలు లేకుండా అమెరికా కాగితం ముట్టుకోవద్దు" అని ఒకరు. "ఏమప్పా, ఫారం నింపడానికి రెండు లక్షలా? మన పిల్లలు చదువుకున్నవాళ్ళే కదా" అని ఇంకొకరు.

రెండు పక్షాల వాదనా ఖర్చు చుట్టూనే తిరుగుతుంది, అసలు చిక్కు ఇంకోచోట ఉంటుంది. ఫారం నింపడానికి వకీలు అక్కర లేదు. ఏ ఫారం, ఎప్పుడు, మన పెళ్ళికి ఆ దేశపు చట్టంలో అడ్డేమైనా ఉందా అన్నది తేల్చుకోవలసి వచ్చినప్పుడే వకీలుతో పని. మూడోది కూడా ఉంది: బోడి నుంచి వెళ్ళే దరఖాస్తులు ఎక్కువగా తట్టుకునేది ఇక్కడి కాగితాల దగ్గర. వాటిని న్యూజెర్సీ వకీలు ఎంత ఫీజు తీసుకున్నా దిద్దలేడు. ఏలక్కాయనైనా ఏరి, జల్లెడ పట్టి, సైజుల వారీగా వేరు చేసిన తర్వాతే వేలానికి పెడతారు. వీసా కేసునూ ముందు అలా ఏరి చూసుకోవాలి.

మొదట చూడవలసింది అబ్బాయి అక్కడ ఏ హోదాలో ఉన్నాడన్నది. పెళ్ళికూతుళ్ళలో చాలామంది హెచ్-4 అనే భార్యాభర్తల వీసా మీదే వెళ్తారు, ఎందుకంటే అబ్బాయికి ఉన్నది హెచ్-1బి ఉద్యోగ వీసా. ఇది వలస వీసా కాదు. భర్త ముందుగా పిటిషన్ వేయనక్కర లేదు. డీఎస్-160 నింపి, ఫీజు కట్టి, చెన్నైలో వేలిముద్రలిచ్చి, జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు పోవడమే. భర్త హెచ్-1బి మంజూరు నోటీసు ఐ-797, జీతం చీటీలు, పెళ్ళి సర్టిఫికెట్, పెళ్ళి ఫొటోలు సరిగా ఉంటే దీనికి వకీలును పెట్టుకోవడం దుబారా. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు, వాటిని అందరికీ కనబడేలా పెట్టుకోమంటున్నారు. ఆ వడపోత మొదలైనప్పుడు చాలామంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి పోయాయి. ఇలాంటి ఆలస్యాన్ని ఏ వకీలూ తగ్గించలేడు.

అబ్బాయి అమెరికా పౌరుడైతే దారి వేరు. అతను ఐ-130 పిటిషన్ వేస్తాడు. పౌరుల భార్యాభర్తలకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు కాబట్టి క్యూ ఉండదు, పరిశీలనకు పట్టే సమయమే. పిటిషన్ మంజూరయ్యాక కాగితాలు నేషనల్ వీసా సెంటర్‌కు పోతాయి. అక్కడ డీఎస్-260, భర్త ఆదాయ హామీ పత్రం ఐ-864, ఆ తర్వాత వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ. వలస వీసా ఇంటర్వ్యూ చెన్నైలో కాదు, ముంబైలో. ఇది తెలియక చెన్నైకి టిక్కెట్లు చూసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2023 జూన్‌లో బోడికి బ్రాడ్‌గేజ్ రైలు వచ్చాక చెన్నై దగ్గరైంది, ముంబై మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మూడో దారి గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళది. నిజంగా తలనొప్పి ఇక్కడే. గ్రీన్‌కార్డుదారు భార్య ఎఫ్2ఏ అనే వర్గంలోకి వస్తుంది. 2019 జులై నుంచి 2023 మార్చి దాకా ఈ వర్గానికి నిరీక్షణ లేదు. 2023 ఏప్రిల్‌లో మళ్ళీ క్యూ మొదలైంది, ఇప్పుడు ఏళ్ళలో లెక్క పెట్టుకోవాలి. ఈలోగా హెచ్-4 ఇవ్వరు, ఎందుకంటే భర్త ఇప్పుడు హెచ్-1బి కాదు. టూరిస్టు వీసా అడిగితే, భర్త అక్కడే స్థిరపడ్డాడు కదా, నువ్వు తిరిగి వస్తావని నమ్మకమేమిటని కాన్సులేట్ అడుగుతుంది. పెళ్ళయిన జంట రెండు ఖండాల్లో ఉండిపోతుంది. క్యూలో వంతు వచ్చేదాకానో, అబ్బాయి పౌరుడయ్యేదాకానో ముడి విడదు, పౌరసత్వానికి మామూలుగా గ్రీన్‌కార్డు వచ్చాక 5 ఏళ్ళు ఆగాలి.

అబ్బాయికి ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు మంజూరు కాకముందే పెళ్ళి జరిగి ఉంటే ఈ కథ అంతా తిరగబడుతుంది. అప్పుడు భార్య అతని కేసులోనే భాగం, వేరే పిటిషన్ అక్కర లేకుండా వెనకాల వెళ్ళవచ్చు. పెళ్ళి తేదీ మంజూరుకు ఒక్క రోజు ముందున్నా చాలు, ఒక్క రోజు వెనకైతే వేరే కేసు. భారతీయులకు ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ వర్గాల క్యూ పదేళ్ళు దాటుతుంది కాబట్టి, పెళ్ళీడు అబ్బాయిల ప్రయారిటీ తేదీకి, అంటే క్యూలో చేరిన తేదీకి, వంతు దగ్గరపడే వేళా, పెళ్ళి వేళా ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. 2007 జులై వీసా బులెటిన్‌లో దాదాపు అన్ని ఉద్యోగ వర్గాలకూ ఒక్కసారిగా తలుపు తెరిచినప్పుడు, 2020 అక్టోబరులో ఈబీ-3 దరఖాస్తు తేదీలు ముందుకు దూకినప్పుడు, పెళ్ళికాని అబ్బాయిల ఇళ్ళలో ఎంత కంగారో ఆ తరాన్ని అడిగితే చెబుతారు. ఆడి నెలలో పెళ్ళి చేయం అని పట్టుబట్టే పెద్దలకూ, అబ్బాయి ప్రయారిటీ తేదీకీ మధ్య సర్దుబాటు అక్కడే అవసరమవుతుంది. నా సలహా అడిగితే, వకీలుకు డబ్బు ఇవ్వదగిన మొదటి చోటు ఇదే: ముహూర్తం పెట్టుకోకముందు ఒక గంట సంప్రదింపు. దానికి నూరు నుంచి మూడు వందల డాలర్ల దాకా అడుగుతారు. మంటపం అడ్వాన్సు కన్నా తక్కువ.

ఖర్చు సంగతి చూద్దాం. పౌరుడి భార్య కేసులో 2024 ఏప్రిల్ 1న పెంచిన రేట్ల ప్రకారం ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద 675. వీసా దరఖాస్తుకు 325, హామీ పత్రం పరిశీలనకు 120, వీసా వచ్చాక గ్రీన్‌కార్డు తయారీకి 235. ఆన్‌లైన్ లెక్కన మొత్తం 1,305 డాలర్లు. వైద్య పరీక్ష, టీకాలు, ముంబై ప్రయాణం వేరే. అంటే లక్ష రూపాయలు దాటిన ఖర్చు ప్రభుత్వానికే పోతుంది, వకీలున్నా లేకున్నా అది తగ్గదు. వకీళ్ళు దీనిమీద వెయ్యిన్నర నుంచి మూడు నాలుగు వేల డాలర్ల దాకా తీసుకుంటారు. ఇద్దరికీ మొదటి పెళ్ళి, అబ్బాయి పౌరుడు, ఆదాయం సరిపడా ఉంది, ఇద్దరిమీదా పాత వీసా గొడవలూ పోలీసు కేసులూ లేవు, బంధుత్వపు పెళ్ళి కాదు అంటే ఆ మూడు వేల డాలర్లతో వచ్చే అదనపు లాభం ఒకరు గుర్తు చేస్తుంటారన్న నిశ్చింతే. దానికి అంత ధర పెట్టగలిగినవాళ్ళు పెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. పెట్టలేకపోయామని భయపడనక్కర లేదు.

ఆదాయం అన్నాను కదా. ఐ-864 కింద భర్త ఆదాయం పేదరికపు రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి సుమారు 26,400 డాలర్లు. ఐటీ జీతగాళ్ళకు ఇది లెక్కలోకి రాదు. మాస్టర్స్ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళకూ, పెట్రోలు బంకులో పని చేస్తూ చెప్పుకోలేనివాళ్ళకూ మాత్రం జాయింట్ స్పాన్సర్ కావలసి వస్తుంది.

ఇక మన ఊరి కాగితాలు. ఇంట్లో తెలుగు, రిజిస్ట్రారు ఆఫీసులో తమిళం, దరఖాస్తులో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య ఒక మనిషి పేరు ఏమవుతుందో చూడండి. గోపాలసామి నాయుడి కూతురు లక్ష్మి అనుకుందాం. పదో తరగతి మార్కుల జాబితాలో "జి. లక్ష్మి". ఆధార్‌లో "లక్ష్మి జి". తమిళనాట అందరిలాగే మనవాళ్ళూ కాగితాల్లో ఇంటిపేరు రాయడం ఎప్పుడో మానేశారు. అది పెళ్ళి మాటల్లో మాత్రమే బయటికొస్తుంది. పాస్‌పోర్టు ఇనీషియల్‌ను ఒప్పుకోదు, విప్పి రాయమంటుంది, కనుక అందులో "లక్ష్మి గోపాలసామి". తండ్రి సొంత పత్రాల్లో అది "గోపాలస్వామి". పెళ్ళి రిజిస్టర్ చేసిన రోజు హడావుడిలో మళ్ళీ "జి. లక్ష్మి" అని రాస్తారు, ఇంకా ఉత్సాహవంతులైతే భర్త ఇనీషియల్ అంటగడతారు. ఇప్పుడు ముంబై అధికారి ముందున్నవి నాలుగు కాగితాలు, మూడు నాలుగు పేర్లు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకు ఇంకో వింత: అమెరికా వీసా మీద ఉన్న ఒక్క పేరూ సర్‌నేమ్ గడిలోకి జరిగి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అదే తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు మీదికీ డ్రైవింగ్ లైసెన్సు మీదికీ పాకుతుంది.

దీన్ని సరిచేయడం ఇక్కడే చేయగల పని, కొంచెం ఓపిక కావాలి, అంతే. పెళ్ళి రిజిస్ట్రేషన్‌కు ముందే రెండు పాస్‌పోర్టులూ ముందు పెట్టుకుని, పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే దరఖాస్తులోకి ఎక్కించాలి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చుని పత్రం రాసేవాళ్ళకు అమ్మకం దస్తావేజు అలవాటు, అమెరికా వీసా కాదు. వాళ్ళు రాసినది చదవకుండా సంతకం పెట్టకూడదు. తేడాలు మిగిలిపోతే, ఈ పేర్లన్నీ ఒక్కరివే అని నోటరీ ముందు అఫిడవిట్, పెద్ద తేడా అయితే తమిళనాడు గెజెట్‌లో ప్రకటన. పెళ్ళి కాగానే భార్య పాస్‌పోర్టులో భర్త పేరు చేర్పించాలన్న తొందర కూడా అక్కర లేదు. అమెరికా అది అడగదు. కేసు నడుస్తుండగా పేరు మార్చుకుంటే ఇంకో కాగితానికి ఇంకో వివరణ రాసుకోవాలి.

రిజిస్ట్రేషన్ మాటకొస్తే, సీమా కేసులో 2006లో సుప్రీంకోర్టు పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేయమన్న తర్వాత తమిళనాడు 2009లో చట్టం తెచ్చింది. పెళ్ళయిన 90 రోజుల్లో నమోదు చేయాలి. అబ్బాయి సెలవు మూడు వారాలే. మంటపం, వంట, ఫొటోలు అన్నీ ఆరు నెలల ముందే మాట్లాడుకుని, రిజిస్ట్రారు ఆఫీసుకు మాత్రం అబ్బాయి విమానం ఎక్కే రెండు రోజుల ముందు పరుగెత్తడం మన అలవాటు. ఆ రోజు సర్వరు పనిచేయకపోతే అంతే. సర్టిఫికెట్ తమిళంలో వస్తే ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. రెండు భాషలూ వచ్చినవారెవరైనా అనువదించి, ఇది పూర్తిగా, సరిగా ఉందని, తమకు ఆ సామర్థ్యం ఉందని రాసి సంతకం చేస్తే అమెరికా వలస సేవల శాఖ యూఎస్‌సీఐఎస్‌కు చాలు. అపోస్టిల్ అడగరు. అది లేకపోతే కేసు పోతుందని భయపెట్టి వేలకు వేలు తీసుకునేవాళ్ళు తేనిలోనూ ఉన్నారు, మధురలోనూ ఉన్నారు.

పెళ్ళి నిజమైనదే అని చూపించే ఆధారాల్లో వకీళ్ళ జాబితాలన్నీ ఒకేలా ఉంటాయి: ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఉమ్మడి అద్దె ఒప్పందం, బీమా. పెళ్ళయి ఇంకా కలిసి ఉండని జంటకు ఇవేవీ ఉండవు. మన ఇళ్ళలో ఉన్నదేమిటంటే మొయి నోటు. ఆంధ్రలో చదివింపుల పుస్తకం అంటారు. మంటపం గుమ్మం దగ్గర బల్లేసుకుని, ఎవరు, ఏ ఊరు, ఎంత అని వరసగా రాసే ఆ లావుపాటి నోటుపుస్తకంలో పెళ్ళి తేదీ, రెండు వైపుల బంధువులు, వాళ్ళ ఊర్లు అన్నీ ఉంటాయి. నాలుగు పేజీలు నకలు తీసి, అనువాదంతో, నిశ్చితార్థం ఫొటోలు, శుభలేఖ, ఫోన్ పిలుపుల పట్టీ, డబ్బు పంపిన రసీదులతో కలిపి పెట్టవచ్చు. పెద్దలు కుదిర్చిన పెళ్ళి ముంబై అధికారులకు కొత్త కాదు. వాళ్ళకు కావలసింది ప్రేమకథ కాదు, ఇద్దరూ చెప్పేది ఒకటిగా ఉండడం.

ఇప్పుడు వకీలు లేకుండా అడుగు వేయకూడని కేసులు. మనవాళ్ళకు మొదటిది, ఎవరూ బయటికి మాట్లాడనిది, మేనరికం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రక్తసంబంధ వివాహాల్లో దేశంలోనే ముందు వరుసలో ఉంటాయి. హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడలిని నిషిద్ధ బంధుత్వంలోనే పెట్టింది, ఆచారం ఉంటే మాత్రం చెల్లుతుందని మినహాయించింది. ఆ ఆచారం మనకు ఉంది. అమెరికా సాధారణ సూత్రం ఏమిటంటే, పెళ్ళి జరిగిన చోట చెల్లితే అక్కడా చెల్లుతుంది. కానీ జంట కాపురముండే రాష్ట్రం ఆ బంధుత్వాన్ని గట్టిగా నిషేధిస్తే సూత్రం అక్కడ ఆగుతుంది. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్ళి కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలలో చట్టబద్ధం. టెక్సాస్‌లో కాదు. అక్కడ 2005 నుంచి అలాంటి సంబంధాన్ని నేరంగా కూడా చూస్తారు. మనవాళ్ళు ఎక్కువగా చేరేది డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లోనే కదా. అక్క కూతుర్ని చేసుకున్నవాళ్ళకు దాదాపు ఏ రాష్ట్రమైనా ఇబ్బందే. 2014 అక్టోబరులో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ఒక వియత్నాం జంట వలస కేసులో, సవతి బంధుత్వపు మేనమామ, మేనకోడలి పెళ్ళి ఆ రాష్ట్రంలో చెల్లుతుందని చెప్పింది. సొంత అక్క కూతురి విషయం ఆ తీర్పు తేల్చలేదు. ఇలాంటి పెళ్ళి ఉంటే ఐ-130 వేయకముందే, ఏ రాష్ట్రంలో కాపురం పెట్టాలన్నది కూడా వకీలుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. బంధుత్వం దాచిపెట్టి ఇంటర్వ్యూలో దొరికిపోతే, సర్దుకోగలిగిన చిక్కు కాస్తా జీవితకాలపు నిషేధం దాకా పోతుంది.

చిత్రమేమిటంటే, ఇదే జంట కెనడాకో ఆస్ట్రేలియాకో వెళ్తే ఈ గొడవ లేదు. ఆ రెండు దేశాల వివాహ చట్టాలూ తోబుట్టువులనూ, నేరుగా పై, కింది తరాలనూ తప్ప నిషేధించవు. ఇంగ్లండ్‌లో మేనబావ ఫరవాలేదు, మేనమామ కాదు.

రెండోది, పాత పెళ్ళి. మన కులాల్లో ఊరి పెద్దల ముందు విడుదల కాగితం రాసుకుని, చెల్లుబాటయిందనుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళున్నారు. ఆచారపు విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడుతుంది, నిజమే. కానీ ఆ ఆచారం ఉందని నిరూపించవలసింది చెప్పుకునేవాళ్ళే. స్టాంపు కాగితం మీద పది సంతకాలు చూపిస్తే అమెరికా అధికారికి తృప్తి కలగదు. ఇక్కడ కావలసింది అక్కడి వకీలు కాదు, తేనిలోనో పెరియకుళంలోనో కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చే సివిల్ వకీలు. ఈ పనికి ఏళ్ళు పట్టవచ్చు, కనుక రెండో పెళ్ళికి ముందే మొదలు కావాలి. మొదటి పెళ్ళి చట్టప్రకారం రద్దు కాకపోతే రెండోది అమెరికా దృష్టిలో పెళ్ళే కాదు.

మిగిలినవి త్వరగా చెప్పవచ్చు. అమెరికాలో ఇదివరకు గడువు మీరి ఉన్నవాళ్ళకు 1996 చట్టం ప్రకారం 3 ఏళ్ళ, 10 ఏళ్ళ నిషేధాలున్నాయి. పాత వీసా దరఖాస్తులో అబద్ధం చెప్పినవాళ్ళు, అరెస్టయినవాళ్ళు (భార్యను వేధించాడన్న 498ఏ కేసు అయినా సరే), ఇదివరకు ఇంకొకరు తమకోసం భార్యాభర్తల పిటిషన్ వేసి ఉన్నవాళ్ళు, టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడ పెళ్ళి చేసుకుని ఉండిపోదామనుకునేవాళ్ళు అందరూ ముందు వకీలు దగ్గరికే వెళ్ళాలి. పిటిషన్ కొట్టివేస్తే దేశం నుంచి పంపివేసే నోటీసు కూడా ఇవ్వవచ్చని 2025 ఆగస్టులో యూఎస్‌సీఐఎస్ తన విధానంలో స్పష్టం చేశాక, అమెరికా లోపలే కేసు నడిపేవాళ్ళకు పొరపాటు ఖరీదు పెరిగింది.

వకీలుకూ ఫారానికీ కుటుంబానికీ మధ్యలో ఇంకొకడు ఉంటాడు, కన్సల్టెన్సీవాడు. బోడి, తేని, మధుర, కోయంబత్తూరుల్లో చదువు వీసాలు చేసిపెట్టేవాళ్ళే పెళ్ళి వీసాలూ చేస్తామంటారు. అమెరికా వలస కేసులో సలహా ఇచ్చే హక్కు అక్కడి ఏదో ఒక రాష్ట్రపు బార్ లైసెన్సున్న వకీలుకు, లేదా న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధికి ఉంటుంది. వలస చట్టం కేంద్రానిది కాబట్టి వకీలు ఏ రాష్ట్రంవాడైనా ఫరవాలేదు, డల్లాస్ అబ్బాయి ఒహాయో వకీలును పెట్టుకోవచ్చు. లైసెన్సు ఉందా లేదా అన్నది ఆ రాష్ట్రపు బార్ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అతను కేసు తీసుకుంటే, మీ తరఫు వకీలును నేనే అని తెలిపే జి-28 ఫారం వేస్తాడు. కన్సల్టెన్సీవాణ్ణి గుర్తుపట్టడానికి ఒక సులువైన గుర్తు: ఐ-130 చివర ఫారం తయారు చేసినవారి పేరు, సంతకం కోసం ఒక భాగం ఉంటుంది. డబ్బు తీసుకుని, నింపి, అక్కడ తన పేరు రాయని మనిషి తప్పు జరిగితే బాధ్యత మీమీదే వదిలేస్తాడు. సంతకం పెట్టింది మీరు కదా.

ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. 2019 జనవరిలో డెట్రాయిట్ శివార్లలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే నడిపిన వల బయటపడ్డప్పుడు, పట్టుబడిన విద్యార్థుల్లో అధికభాగం తెలుగువాళ్ళు. వాళ్ళను కమిషన్ల మీద చేర్పించి కేసుల్లో ఇరుక్కున్న 8 మంది మధ్యవర్తులూ భారతీయులు, భారత సంతతివాళ్ళే, వాళ్ళలోనూ తెలుగువాళ్ళున్నారు. ఆ రోజుల్లో తానా, ఆటా లాంటి అక్కడి తెలుగు సంఘాలు వకీళ్ళను వెతికి పెట్టాయి. మనవాడే కదా అన్న నమ్మకం పెళ్ళి కేసుల్లోనూ అంతే చురుగ్గా పనిచేస్తుంది.

అమెరికా కాక మిగతా దేశాలు చూస్తే, గల్ఫ్ సంబంధాలకు వకీలు ప్రసక్తే రాదు. దుబాయిలో భర్త జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉంటే భార్యను పిలిపించుకోవచ్చు. పని అంతా పెళ్ళి సర్టిఫికెట్ అటెస్టేషన్‌దే: రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఎమిరేట్స్ రాయబార కార్యాలయం. బ్రిటన్ సంగతి వేరు. 2024 ఏప్రిల్ 11 నుంచి స్పాన్సరుకు ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి, చూపించే పద్ధతి మీద నియమాలు పేజీల కొద్దీ ఉన్నాయి. జీతం కాక సొంత వ్యాపారం ఉన్నవాళ్ళు అక్కడ సలహాదారును పెట్టుకోవడమే మేలు.

ఇన్ని చెప్పుకున్నా, అమెరికా కేసుల్లో మన ఇళ్ళలో అసలు అడగని ప్రశ్న ఒకటి మిగిలింది: ఆ వకీలు ఎవరి వకీలు? అబ్బాయి డబ్బు కడతాడు, అబ్బాయి సంతకం పెడతాడు, మెయిళ్ళు అబ్బాయికే పోతాయి. కొందరు వకీళ్ళు ఇద్దరికీ కలిపి పనిచేస్తున్నామని ఒప్పందంలో రాస్తారు, కొందరు రాయరు. బోడిలో ఉన్న అమ్మాయికి తన కేసు నంబరు కూడా తెలియకుండా ఏడాది గడిచిపోవడం నేను చూశాను. అమ్మాయి తండ్రి అల్లుడికి ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడతాడు. సంబంధం కుదిరినప్పుడే, దాఖలైన ప్రతి కాగితం నకలూ మా అమ్మాయి మెయిల్‌కు రావాలని చెప్పడంలో అవమానమేమీ లేదు. ముంబైలో ఇంటర్వ్యూ గదిలోకి వకీలును సాధారణంగా రానివ్వరు. అక్కడ నిలబడి, ఫారంలో ఏముందో జవాబు చెప్పవలసింది ఆ అమ్మాయే.

ఐ-864ను అబ్బాయిల ఇళ్ళలో మామూలు లాంఛనంగా సంతకం చేసేస్తారు. అది అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం, భార్య కూడా దాన్ని కోర్టులో అమలు చేయించుకోవచ్చు. విడాకులతో అది ముగియదు. ఆమె పౌరురాలయ్యేదాకానో, ఆమెకు 40 త్రైమాసికాల పని లెక్కలోకి వచ్చేదాకానో, లేదా ఆమె శాశ్వత నివాసం వదులుకుని దేశం విడిచి పోయేదాకానో ఉంటుంది. ఇది అమ్మాయికి చెప్పే బాధ్యత అబ్బాయి వకీలు తనంతట తాను తీసుకోడు.

పెళ్ళయి 2 ఏళ్ళు నిండకముందు అమెరికాలో అడుగు పెట్టినవాళ్ళకు 2 ఏళ్ళ షరతు గ్రీన్‌కార్డే ఇస్తారు. దొంగ పెళ్ళిళ్ళను ఆపడానికి 1986లో తెచ్చిన చట్టం ఇది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి, ఆ షరతు తీసేయమని కోరే ఐ-751 వేయాలి, ఫీజు 750 డాలర్లు. కాపురం సజావుగా ఉంటే దీనికీ వకీలు అక్కర లేదు, కలిసి దాఖలు చేసిన పన్ను కాగితాలు, అద్దె ఒప్పందం చాలు. సజావుగా లేకపోతే, విడాకులైనా, కొట్టడం తిట్టడం ఉన్నా, భార్య ఒంటరిగా మినహాయింపు కోరుతూ అదే ఫారం వేయవచ్చు. "నేను సంతకం పెట్టకపోతే నిన్ను ఇండియాకు పంపించేస్తారు" అని భర్త బెదిరించినంత మాత్రాన అది నిజం కాదు. ఆ రోజున ఆమెకు కావలసిన వకీలు మొదటి కేసు నడిపిన వకీలు కాకూడదు. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, హ్యూస్టన్‌లో 1996 నుంచి దయ లాంటి దక్షిణాసియా మహిళా సంస్థలు ఇలాంటి వాళ్ళను వకీళ్ళ దగ్గరికి చేర్చే పని చేస్తున్నాయి. బోడి నుంచి విమానం ఎక్కే అమ్మాయి ఫోన్‌లో అత్తగారి నంబరుతో పాటు ఆ రెండు నంబర్లూ ఉండాలని ఆమె తల్లిదండ్రులకు చెబుతాను.